ఒకేషనల్ పిల్లలకు ఏవియేషన్ బిజినెస్ ఎట్లా చెప్పాలి?

ఓర్వకల్లు_రోడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. నేను కర్నూల్లో ఒకేషనల్ పిల్లలకు కామర్స్ చెప్తాను. ఈ ఏడాది ఏవియేషన్ బిజినెస్ మేనేజ్‌మెంట్ పేపర్ కూడా నా నెత్తిన పడింది. నందికొట్కూరు, డోన్, కోడుమూరు, ఆదోని వైపు నుంచి వచ్చే పిల్లలు. విమానం ఎక్కినవాళ్లు క్లాసులో ఒక్కరూ లేరు. 2021 మార్చిలో ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు మొదలైనప్పుడు మాత్రం రోడ్డు పక్కన బండ్లు ఆపుకొని చూసొచ్చినవాళ్లు చాలామందే.

సిలబస్ చూస్తే యీల్డ్ మేనేజ్‌మెంట్, హబ్ అండ్ స్పోక్, మార్కెట్ సెగ్మెంటేషన్, అలయన్సులు. నిర్వచనాలు రాయించి బట్టీ పట్టిస్తే పాసైపోతారు, దానికేం. కానీ లోడ్ ఫ్యాక్టర్ అంటే ఏందిరా అని మొన్న అడిగితే ఒకడు "విమానం మోయగలిగే బరువు సార్" అన్నాడు. స్లిప్ టెస్టులో దాని నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రాసింది కూడా వాడే.

పుస్తకంలో ఉదాహరణలన్నీ దుబాయ్, సింగపూర్, అట్లాంటా. మా పిల్లలకు తెలిసిన ప్రపంచం నుంచి ఈ వ్యాపారం ఎట్లా చెప్పాలి? ఎయిర్‌పోర్టుల్లో పనిచేసినవాళ్లు, ఈ కోర్సు చెప్పినవాళ్లు ఉంటే నాలుగు మాటలు రాయండి.

ర్యాంప్_నైట్‌షిఫ్ట్ (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

సార్, మాది అనంతపురం. దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో పనిచేస్తాండా. మన జిల్లాల పిల్లోళ్లు ఇక్కడ శానామంది ఉండారు. చెకిన్ కౌంటర్, బ్యాగేజీ, ర్యాంప్ (విమానాలు నిలిపే చోటు), కార్గో, సెక్యూరిటీ, యాడ చూసినా మనోళ్లే. ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ అని కోర్సు చేసి వచ్చినోళ్లు అలయన్సుల పేర్లు గడగడా చెప్తారు. ఫ్లైట్ ఇరవై నిమిషాలు లేటయితే ఆ లేటు ఎవరి ఖాతాలో పడతాదో చెప్పమంటే నీళ్లు నములుతారు.

నన్నడిగితే డిలే కోడ్లతో మొదలుపెట్టండి. విమానం లేటుగా కదిలిందంటే కారణానికి ఒక నంబరు రాయాల్సిందే. ప్యాసింజరు చెకిన్ చేసి గేటు కాడికి రాకుండా యాడో కూర్చుంటే 15. సామాన్లు ఎక్కించడం, దించడంలో ఆలస్యమైతే 32. విమానంలోనే రిపేరు వస్తే 41. ముందు ఫ్లైటే లేటుగా వచ్చి దాని దెబ్బ మనకు తగిలితే 93. మా కాడ ఎక్కువ కొట్లాట 93 మీదనే. పొద్దున ఫస్ట్ ఫ్లైట్‌లో ఎవడో పది నిమిషాలు నిర్లక్ష్యం చేస్తే సాయంత్రం దాకా అన్ని ఊర్లలో 93 రాసుకుంటానే ఉంటారు.

ఒక్క నంబరు వెనకాల ఎయిర్‌లైన్, హ్యాండ్లింగ్ కంపెనీ, ఎయిర్‌పోర్టు ముగ్గురూ ఉంటారు. తప్పు మాది కాదంటే మాది కాదని వాదించుకుంటారు, ఎందుకంటే ఆ నంబరును బట్టే డబ్బులు, కాంట్రాక్టులు. ఇంతకు మించిన మేనేజ్‌మెంట్ పాఠం ఏముంటాది సార్?

డిపో_పెద్దాయన (కడప)

మాస్టారూ, నేను ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. మీ పుస్తకంలో పెద్దపెద్ద పేర్లతో ఉన్నవన్నీ మా డిపోల్లో రోజూ రాసుకునే లెక్కలే. లోడ్ ఫ్యాక్టర్ అంటే మా ఓఆర్, ఉన్న సీట్లలో ఎన్ని నిండాయన్న లెక్క. కిలోమీటరుకు రాబడి ఈపీకే, కిలోమీటరుకు ఖర్చు సీపీకే. వీటినే సీట్లతో కూడా భాగిస్తే ఎయిర్‌లైన్ వాళ్ల లెక్క వచ్చేస్తుంది. మీ పిల్లల చుట్టాల్లో కండక్టరో డ్రైవరో ఉండకపోరు. వాళ్లను అడిగి రమ్మనండి.

ఓఆర్ బాగా వచ్చిందని మేం సంబరపడిపోతే పైవాళ్లు ఒకటే అడిగేవాళ్లు, ఈపీకే ఎంత అని. పాసులవాళ్లతో బస్సు కిక్కిరిసినా డబ్బు రాకపోవచ్చు. సగం బస్సుతో పోయినా అన్నీ దూరం టికెట్లయితే గట్టెక్కొచ్చు. విమానంలోనూ అంతే. సీట్లు నిండడం వేరు, రూపాయలు నిండడం వేరు. ఈ ఒక్క ముక్క పిల్లల తలకెక్కితే యీల్డ్ పాఠం సగం అయిపోయినట్టే.

ఇంకో లెక్క ఇస్తాను, బోర్డు మీద వేయించండి. అంకెలు లెక్క కోసం అనుకున్నవి. 78 సీట్ల ఏటీఆర్ (చిన్న ఊర్లకు వచ్చే ఫ్యాన్ల విమానం), గంట ప్రయాణం, ఆ ట్రిప్పుకు మొత్తం ఖర్చు 2,10,000 రూపాయలు. చిన్న ఊర్లకు చవకగా విమానాలు నడపడానికి కేంద్రం పెట్టిన ఉడాన్ పథకం కింద సగం సీట్లు, అంటే 39, ఒక్కోటి 2,500కే అమ్మాలి. దాంతో వచ్చేది 97,500. ఇంకా 1,12,500 మిగతా 39 సీట్ల మీద రావాలి. విమానం నిండితే సీటుకు సుమారు 2,885 పెడితే చాలు. అదే 50 మందే ఎక్కితే? చవక సీట్లు ముందే పోతాయి కాబట్టి మిగిలింది 11 మంది. ఒక్కొక్కరి దగ్గర 10,227 రూపాయలు లాగాలి.

ఆ గుంటను పూడ్చడానికే ప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (వీజీఎఫ్) అని ఇస్తుంది, మూడేళ్లపాటు. దానికి నిధి ఎక్కడిది? పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద లెవీ, కొంత రాష్ట్రం వాటా. హైదరాబాద్ సర్వీసుల మీద వచ్చింది పల్లెవెలుగు నష్టానికి సర్దడం మాకు కొత్తా? 2025 ఆగస్టు 15 నుంచి మన దగ్గర స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకు కొన్ని రకాల బస్సుల్లో టికెట్ డబ్బుల్లేవు కదా, ఆ డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి కడుతుందని మీ క్లాసులో ఆడపిల్లలకు చెప్పండి. వీజీఎఫ్ అంటే ఏందో వాళ్లే మీకు చెప్తారు.

పెన్నా_గట్టు (ప్రొద్దుటూరు)

అందరూ పాఠం గురించే మాట్లాడుతున్నారు. ఉద్యోగాలు ఏవప్పా? మా అక్క కొడుకును ఇట్లాంటి ఏవియేషన్ కోర్సులోనే చేర్పించినాం. బ్లేజరు, టై, ఎయిర్‌పోర్టులో దిగిన గ్రూప్ ఫోటో, గ్యారంటీ ప్లేస్‌మెంట్ అని కాగితం. లక్షకు పైనే కట్టినాం. ఆఖరికి వచ్చిన ప్లేస్‌మెంట్ ఏందయ్యా అంటే ట్రాలీలు తోయడం, అదీ ఏజెన్సీ కింద. పని చిన్నదని నేననను. ఆ పనికి అంత ఫీజు కట్టించుకోవడమే దుర్మార్గం. పిల్లలకు మొదటి పాఠంగా ఈ ఇన్‌స్టిట్యూట్ల వ్యాపారం ఎట్లా నడుస్తుందో చెప్పండి సార్.

వేదిక_నిర్వాహకుడు

ఇన్‌స్టిట్యూట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను. అనుభవం రాయండి, పేరు వద్దు.

స్వాగతం_మేడమ్ (అనంతపురం)

ప్రొద్దుటూరు అన్న గారి బాధ నిజమే. నేను కస్టమర్ సర్వీస్ ట్రైనింగ్ ఇస్తాను, కాబట్టి ఆ బ్లేజరు ఫోటోల బాపతు నాకూ తెలుసు. కానీ మాట తీరు, నిలబడే తీరు నేర్పడాన్ని మేకప్ కింద కొట్టిపారేయకండి. ఆర్టీసీ లెక్కలన్నీ వచ్చిన పిల్ల కౌంటర్ ముందు నోరు పెగలక నిలబడితే ఆ లెక్కలు ఎవరికి కావాలి?

నేను చేయించే పని ఒకటి చెప్తాను. ఫ్లైట్ రద్దయింది. ఒక పిల్లవాడు స్టాఫ్, ఒకమ్మాయి ప్యాసింజరు. ఆమె చెల్లెలి పెళ్లి రేపు పొద్దున. రూలు ఇద్దరి చేతిలోనూ పెడతాను. విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే, గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు గానీ, బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అది పరిహారం. వాతావరణంలాంటివి ఎయిర్‌లైన్ చేతిలో లేనివి కాబట్టి అప్పుడు ఈ పరిహారం రాదు. ఇప్పుడు మాట్లాడండి అంటాను.

మొదట స్టాఫ్ పిల్లవాడు రూలు చదివేస్తాడు. ప్యాసింజరు పిల్ల ఏడుపు నటిస్తుంది, అందరూ నవ్వుతారు. రెండోసారికి నవ్వు ఆగిపోతుంది. మూడోసారికి వాడు "అమ్మా, డబ్బు సంగతి తర్వాత చూద్దాం, పెళ్లి ఎన్ని గంటలకు? ఏ ఊరు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టిందాకా ఆపకుండా చేయిస్తాను. తర్వాత అదే క్లాసులో, ఆ రోజు రద్దయిన ఫ్లైట్‌కు కంపెనీకి ఎంత పోయిందో లెక్క కట్టిస్తాను. రెండూ ఒకే పాఠం.

పెన్నా_గట్టు (ప్రొద్దుటూరు)

మేడమ్, మీలాంటోళ్లు చెప్తే నాకేం పేచీ లేదు. మా వానికి నేర్పింది గుడ్ మార్నింగ్ చెప్పడం, టై కట్టడం. అంతే.

రాయచోటి_కువైట్

ఒక మాట. మా వైపు ఇంటికొకరన్నట్టు కువైట్‌లో ఉంటారు. రాయచోటి, రాజంపేట పిల్లలకు విమానాల గురించి కొత్తగా చెప్పేదేం లేదు సార్. ఏ నెలలో టికెట్ పెరుగుతుంది, రంజాన్‌కు ఎంత, స్కూళ్ల సెలవులకు ఎంత, చెన్నై నుంచి పోతే నయమా బెంగళూరు నుంచి పోతే నయమా, ఎన్ని కేజీలు తెచ్చుకోవచ్చు, పైన పడిన కేజీలకు కౌంటర్ దగ్గర ఎట్లా బతిమాలుకోవాలి, అన్నీ మా అమ్మలకు నోటికొచ్చు. సీజన్ డిమాండ్ అని మీరు పేజీ రాయించేది మా ఇంట్లో ఫోన్‌లో రెండు నిమిషాల మాట.

అందుకే మా పిల్లల్ని అడగాల్సిన ప్రశ్న ఇది: ఇంతమంది జనం ఉన్నా కడప నుంచి కువైట్‌కు నేరుగా విమానం ఎందుకు లేదు? ఓట్లు లేక కాదు, నాయకుల్లేక కాదు. కడపకు వచ్చే ఏటీఆర్ అంత దూరం ఎగరలేదు. పెద్ద విమానం దిగాలంటే దానికి తగ్గ రన్‌వే, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ కావాలి. రెండు దేశాల మధ్య వారానికి ఇన్ని సీట్లని ఒప్పందం ఉంటుంది, దాంట్లో వాటా దొరకాలి. అన్నీ దొరికినా, చెన్నైలో నాలుగు జిల్లాల జనం దొరుకుతుంటే ఒక్క కడప కోసం విమానం పెట్టే కంపెనీ ఏది? చుట్టుపక్కల ఊర్ల జనాన్ని ఒక పెద్ద ఊరికి చేర్చి అక్కడి నుంచి ఎగరేయడం, హబ్ అండ్ స్పోక్ అంటే ఇదే కదా సార్, మా వాళ్లు రాత్రంతా సుమోలో కూర్చొని చెన్నై పోవడం.

ఓర్వకల్లు_రోడ్డు (కర్నూలు)

అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన ఇచ్చిన ఏటీఆర్ లెక్క నిన్న బోర్డు మీద వేయించాను. 10,227 రాగానే క్లాసు గొల్లుమంది. కోడుమూరు పిల్ల ఒకతె లేచి, "సార్, ఆ పదకొండు మంది ఎవరు సార్? ఆ డబ్బుకు నలుగురు కలిసి కారు మాట్లాడుకుంటే బెంగళూరు పోయి రావచ్చు కదా" అంది. ప్రత్యామ్నాయం, ధరకు డిమాండ్ స్పందించడం, నేను రెండు పీరియడ్లు చెప్పాలనుకున్నది ఆ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. వెనక బెంచీ నుంచి జవాబు: "కంపెనీ డబ్బుతో పోయేవాడు సార్, వానికేం." బిజినెస్ ట్రావెలర్ సెగ్మెంట్ కూడా అయిపోయింది.

ఇప్పుడు నా సమస్య వేరే. మా దగ్గర అసలు నడిచిన కేసులు కావాలి. ఊహించిన అంకెలతో ఎంతకాలం?

డిపో_పెద్దాయన (కడప)

కేసుకు కడప దాటి పోనక్కర్లేదు మాస్టారూ. 2015 జూన్‌లో బెంగళూరు నుంచి ఎయిర్ పెగాసస్ మా కడపలో దిగింది. చిన్న కంపెనీ, చేతిలో మూడంటే మూడే ఏటీఆర్‌లు, అవీ లీజువి. లీజు బాకీలు పేరుకొని 2016 జూలైకి ఎగరడం మానేసింది. తర్వాత ట్రూజెట్. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ కింద దేశంలో మొట్టమొదట ఎగిరినవాటిలో కడప, హైదరాబాద్ ఫ్లైట్ ఒకటి. ప్రధాని సిమ్లాలో నిలబడి జెండా ఊపితే ఇక్కడ విమానం లేచింది. మాకెంత గొప్పగా ఉండిందో! 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. మార్చి నెలాఖరుకు ఇండిగో వచ్చింది.

ఊరు అదే, రన్‌వే అదే, ఏటీఆర్ రకమూ అదే. రెండు కంపెనీలు పోయి మూడోది ఎందుకు వచ్చిందో పిల్లల చేత చెప్పించండి. ఒక క్లూ ఇవ్వండి: మూడు విమానాల కంపెనీలో ఒకటి రిపేరుకు పోతే షెడ్యూలులో మూడో వంతు పోయినట్టే. వందల విమానాలున్న కంపెనీ ఇంకోటి తెచ్చి సర్దుతుంది. డిపోలో స్పేర్ బస్సు లేని రోజు మేం పడిన పాట్లు మాకు తెలుసు. ఇంకో క్లూ: ట్రూజెట్ మొదలుపెట్టి మూడేళ్లు నిండే 2020 ఏప్రిల్ నాటికి లాక్‌డౌన్, దేశంలో షెడ్యూలు ప్రకారం తిరిగే ప్యాసింజరు విమానాలన్నీ ఆగిపోయాయి. లీజు మాత్రం ఆగదు.

బత్తాయి_తోట (తాడిపత్రి)

మీరంతా మనుషుల గురించే మాట్లాడతాండారు. సరుకు సంగతి? మా పిల్లోడు ఇంటికొచ్చి కార్గో ప్రాజెక్టు అని, మన అరటి విమానంలో పంపుతామని ఛార్టు గీస్తాండె. 2020 జనవరిలో మా తాడిపత్రి నుంచి అరటి ఏసీ కంటెయినర్లలో రైలెక్కి ముంబై రేవుకు పోయింది, ఆడి నుంచి ఓడలో. విమానం ఊసే లేదు. ఎందుకంటే కేజీ అరటి ధర ఎంత, విమానంలో కేజీ కిరాయి ఎంత? బెంగళూరు నుంచి గులాబీలు ఎగురుతాయి, ఎందుకంటే బరువు తక్కువ, రేటు ఎక్కువ, ఎక్కువ రోజులు ఆగవు. కేజీకి ధర, ఎన్నాళ్లు ఆగుతాది, ఈ రెండు ప్రశ్నలు అడిగితే ఏ సరుకు రోడ్డు మీద పోవాలో, ఏది రైలు ఎక్కాలో, ఏది ఎగరాలో పిల్లోళ్లే తేలుస్తారు. ఛార్టు చింపిచ్చి మళ్లీ గీయిచ్చినా.

ర్యాంప్_నైట్‌షిఫ్ట్ (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

సార్, పిల్లోళ్లను ఎయిర్‌పోర్టుకు తోలుకుపోతే టెర్మినల్ అద్దాలు చూపిచ్చి ఫోటోలు దిగి రాకండి. లోపలికి ర్యాంప్ మీదికి ఎట్లాగూ పోనీరు, పాసులు, పోలీస్ వెరిఫికేషన్ అని పెద్ద తతంగం. బయట నుంచే ఏటీఆర్ దిగినాక గడియారం పట్టుకొని చూడమనండి.

ఏటీఆర్‌లో జనం ఎక్కేది, దిగేది వెనక తలుపు నుంచి, సామాన్లు ముందు వైపు. జనం, బ్యాగులు ఒకరికొకరు అడ్డం రారు. తలుపుకే మెట్లుంటాయి, కాబట్టి మెట్ల బండి కిరాయి లేదు. తోక కింద ఒక కర్రలాంటి ఊతం పెడతారు, జనమంతా వెనక గుమిగూడితే తోక కుంగకుండా. పెద్ద విమానాలకు నేల మీద కరెంటు కోసం వెనకాల చిన్న ఇంజన్ వేరే ఉంటాది, ఏటీఆర్‌కు లేదు. కుడి ఇంజన్ ఫ్యాన్‌కు బ్రేకు వేసి, ఇంజన్ మాత్రం తిప్పి కరెంటు తీసుకుంటారు. ఒక ఇంజన్ బరువు, దాని రిపేరు ఖర్చు మిగిలె. మన చిన్న ఊర్లకు ఈ విమానమే ఎందుకొస్తాదో పుస్తకంలో పది పేజీలుంటాది, ఆ ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో కంటికి కనపడతాది.

ఇంకోటి, జీతం సంగతి దాచొద్దు. బెంగళూరులో రూము బాడుగ, రాత్రి షిఫ్టు, పండగలకు సెలవు దొరకకపోవడం, ఇవన్నీ కలిపి నెల బడ్జెట్ పిల్లోళ్లతోనే వేయించండి. అయినా వస్తామనేవాళ్లు నిలబడతారు. మా కాడ ట్రాలీ తోసినోడే డ్యూటీ మేనేజర్ అయినాడు, కానీ వానికి డిలే షీట్ చదవడం వచ్చు.

పెన్నా_గట్టు (ప్రొద్దుటూరు)

తమ్ముడూ, ఆ డిలే షీట్ ఎట్లుంటుందో పేర్లు, నంబర్లు తీసేసి ఒక నమూనా చేతితో రాసి పెట్టగలవా? మా వానికి పంపుతా.

ర్యాంప్_నైట్‌షిఫ్ట్ (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

కంపెనీ కాగితం పెట్టలేనన్నా, పని పోతాది. ఖాళీ గళ్లు గీసి పెడతా. వచ్చినాడు, బ్లాక్స్ (చక్రాలకు అడ్డు) పెట్టినాడు, తలుపు తీసినాడు, ఆఖరి బ్యాగు, ఆఖరి ప్యాసింజరు, తలుపు మూసినాడు, కదిలినాడు. అన్నిటికీ టైమే. అంతకుమించి ఏం ఉండదు.

ఓర్వకల్లు_రోడ్డు (కర్నూలు)

యూనిట్ టెస్టుకు నిర్వచనాలు తీసేసి ఈ ప్రశ్నలు పెడుతున్నా. చూసి చెప్పండి.

మొదటిది: కర్నూలు, బెంగళూరు మధ్య బస్సు, రైలు, కారు, విమానం. పెళ్లికి పోయే అయిదుగురి కుటుంబం ఏది ఎంచుకుంటుంది, ఆదోని పత్తి వ్యాపారి ఏది ఎంచుకుంటాడు, ఎందుకు?

రెండోది: కడపలో రెండు ఎయిర్‌లైన్లు ఆగిపోయాయి. పెద్ద కంపెనీకి ఉన్న అనుకూలం ఏమిటి? ప్రభుత్వ సాయం ఆగిన రోజు ఆ రూటు నిలవాలంటే ఏం మారాలి?

మూడోది: మీ దగ్గర ఒక ఏటీఆర్ ఉంది. పొద్దున 6 గంటలకు బెంగళూరులో బయలుదేరుతుంది. ఒక్కో ప్రయాణం గంట, మధ్యలో అరగంట ఆగుతుంది. రాత్రి 10 లోపు కర్నూలు, కడప, చెన్నై, విజయవాడలను కలుపుతూ ఎక్కువ ట్రిప్పులు వచ్చేట్టు షెడ్యూలు వేయండి.

స్వాగతం_మేడమ్ (అనంతపురం)

మొదటి ప్రశ్న చాలా బాగుంది సార్. వ్యాపారి బదులు వ్యాపారస్తురాలు అని పెట్టండి, ఆడపిల్లలు ఎక్కువున్న క్లాసు కదా మీది.

ర్యాంప్_నైట్‌షిఫ్ట్ (అనంతపురం, ప్రస్తుతం బెంగళూరు)

సార్, మూడో ప్రశ్నలో విమానం ఉంది, పైలట్ లేడు. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా విమానం తిరగొచ్చు, మనిషి తిరగకూడదు. 2025 నవంబరు నుంచి రెండో దశ డ్యూటీ రూళ్లు వచ్చినాయి. వారం రెస్ట్ 36 గంటల నుంచి 48 అంతకుముందే అయింది, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించినారు. దానికి సరిపడా మనుషుల్ని పెట్టుకోకనే డిసెంబరులో ఇండిగో ఫ్లైట్లు వేలల్లో రద్దయినాయి, ఆ వారం మేం కౌంటర్ల కాడ తిన్న తిట్లు రాయడానికి ఈ వేదిక చాలదు. ఎన్ని జతల పైలట్లు, ఏ ఊర్లో చేతులు మారాలి, ఆ రాత్రి వాళ్ల హోటల్ ఖర్చు ఎవరిది, ఇవి కూడా అడగండి. అప్పుడు మార్కులు పది కాదు, పదిహేను పెట్టాల్సొస్తాది.